డ్యుయల్ క్లచ్ ఆటోమేటిక్ కారు నడపడం ఎలా నేర్చుకోవాలి?

నల్గొండ, మహబూబ్‌నగర్, సూర్యాపేట వంటి పట్టణాల్లో ఆటోమేటిక్ కార్లు కొనేవారు పెరుగుతున్నారు. కాలి కింద క్లచ్ పెడల్ లేదు కాబట్టి క్లచ్ గురించి ఇక ఆలోచించనక్కర్లేదని కొత్తగా నేర్చుకునేవారిలో చాలామంది అనుకుంటారు. డ్యుయల్ క్లచ్ గేర్‌బాక్స్ ఉన్న కారు విషయంలో ఈ అభిప్రాయం ప్రమాదకరమైనది. ఇంజిన్‌ను గేర్లకు కలిపి, విడదీసే క్లచ్‌లు అందులో ఒకటికి రెండు ఉంటాయి. వాటిని నొక్కి వదిలే పని మన ఎడమ కాలికి బదులు ఒక కంప్యూటర్ చేస్తుంది. ఆ కంప్యూటర్ మన మనసులో ఏముందో చూడలేదు; బ్రేకు మీద, యాక్సిలరేటర్ మీద మన కుడి కాలు ఎలా కదులుతుందో చూసి, దానినిబట్టి క్లచ్‌ను ఎంత కలపాలో, ఎంత విడదీయాలో నిర్ణయించుకుంటుంది. అందువల్ల ఈ కారును నేర్చుకోవడమంటే ప్రధానంగా కుడి కాలికి స్పష్టత నేర్పడమే. కదలాలనుకుంటే కదలాలి, ఆగాలనుకుంటే పూర్తిగా ఆగాలి. ఈ రెండింటి మధ్య తటపటాయించే ప్రతి క్షణం క్లచ్ ప్లేట్లు రాసుకుని వేడెక్కుతాయి.

మీ కారులో ఉన్నది ఏ రకమో ముందు తెలుసుకోండి

ఆటోమేటిక్ అని రాసి ఉన్న కార్లన్నీ ఒకటి కావు. తక్కువ ధర కార్లలో ఎక్కువగా కనిపించే ఏఎంటీలో ఒకే క్లచ్ ఉంటుంది. మామూలు గేర్‌బాక్స్‌కే మోటార్లు బిగించి గేర్లు మార్పిస్తారు. సీవీటీలో బెల్టు, పుల్లీలు ఉంటాయి. పాతకాలం నుంచి వస్తున్న టార్క్ కన్వర్టర్ ఆటోమేటిక్‌లో ఇంజిన్ శక్తిని ఆయిల్ ప్రవాహం ద్వారా అందిస్తారు కాబట్టి, నెమ్మదిగా పాకించినా అది పెద్దగా నొచ్చుకోదు. డ్యుయల్ క్లచ్ వీటన్నింటికీ భిన్నమైనది. ఫోక్స్‌వ్యాగన్, స్కోడా కార్లలో దీనిని డీఎస్‌జీ అనీ, హ్యుందాయ్, కియా కార్లలో డీసీటీ అనీ, టాటా కార్లలో డీసీఏ అనీ అంటారు. 2003లో ఫోక్స్‌వ్యాగన్ గోల్ఫ్ ఆర్32 ద్వారా ఇది మామూలు కొనుగోలుదారుల కార్లలోకి వచ్చింది. మన దేశంలో 2013లో వచ్చిన పోలో జీటీ టీఎస్ఐ, 2019లో వచ్చిన హ్యుందాయ్ వెన్యూ టర్బో, 2022లో వచ్చిన టాటా ఆల్ట్రోజ్ డీసీఏ దీనిని మధ్యతరగతి ఇళ్ల ముందుకు తెచ్చాయి.

ఇందులోనూ రెండు రకాలున్నాయి. క్లచ్ ప్లేట్లు ఆయిల్‌లో తడుస్తూ ఉండే దానిని వెట్ క్లచ్ అనీ, మామూలు కారులో లాగా పొడిగా ఉండే దానిని డ్రై క్లచ్ అనీ అంటారు. ఆయిల్ వేడిని లాక్కుపోతుంది కాబట్టి వెట్ క్లచ్ రద్దీని కొంత ఎక్కువ సేపు తట్టుకుంటుంది. డ్రై క్లచ్‌కు వేడిని వదిలించుకోవడానికి చుట్టూ ఉన్న గాలే ఆధారం. మే నెలలో నల్గొండలో 44, 45 డిగ్రీల ఎండ కాసే రోజున ఆ గాలి ఎంత వేడిగా ఉంటుందో మీకు చెప్పనక్కర్లేదు. మీ కారు ఏ రకమో షోరూంలో గానీ సర్వీస్ సెంటర్‌లో గానీ అడిగి తెలుసుకోండి, అడగడానికి మొహమాటపడవద్దు. ఆల్ట్రోజ్ డీసీఏలో ఉన్నది వెట్ రకం. ఫోక్స్‌వ్యాగన్ వర్టస్, టైగున్‌ల 1.5 లీటర్ ఇంజిన్‌తో వచ్చే ఏడు గేర్ల డీఎస్‌జీ డ్రై రకం.

లోపల ఏం జరుగుతుంది?

రెండు క్లచ్‌లలో ఒకటి 1, 3, 5, 7 గేర్లను చూసుకుంటుంది. రెండోది 2, 4, 6 గేర్లను చూసుకుంటుంది. కారు మూడో గేరులో వేగం పుంజుకుంటూ ఉండగానే, తర్వాత నాలుగో గేరు కావలసి వస్తుందని కంప్యూటర్ అంచనా వేసి, రెండో క్లచ్ వైపు నాలుగో గేరును ముందే తగిలించి ఉంచుతుంది. సమయం రాగానే ఒక క్లచ్ విడిపోతూ ఉండగానే రెండోది కలుస్తుంది. నడక ఆపకుండానే కావడిని ఒక భుజం మీది నుంచి రెండో భుజం మీదికి మార్చుకునే మనిషిలాగా, ఇంజిన్ లాగుడు తెగకుండానే గేరు మారిపోతుంది. ఈ కార్లు అంత మెత్తగా, అంత చురుకుగా పరుగెత్తడానికి కారణం ఇదే.

ఈ ఏర్పాటులో గుర్తుంచుకోవలసిన బలహీనతలు రెండు ఉన్నాయి. మొదటిది, కారు నిలిచిన చోటి నుంచి కదిలేటప్పుడు క్లచ్ కొద్దిసేపు జారుతూ కలవాలి. ఆ జారుడే వేడి. రెండోది, కంప్యూటర్ అంచనా తప్పితే, అంటే పై గేరును సిద్ధం చేసుకుని ఉండగా మీరు హఠాత్తుగా కింది గేరు అడిగితే, అది సిద్ధం చేసుకున్నదాన్ని వదిలి మరొకటి తగిలించుకోవాలి కాబట్టి ఒక క్షణం ఆలస్యం అవుతుంది. కింద చెప్పబోయే మెలకువలన్నీ ఈ రెండింటి చుట్టూ తిరిగేవే.

లైసెన్సు, సాధన చేసే చోటు

మన దేశంలో మామూలు కారుకూ ఆటోమేటిక్ కారుకూ వేరువేరు లైసెన్సులు లేవు. రెండింటికీ తేలికపాటి మోటారు వాహనాల లైసెన్సే. పద్దెనిమిదేళ్లు నిండినవారు ముందుగా ఆర్‌టీఏ కార్యాలయం ద్వారా లెర్నర్ లైసెన్సు తీసుకోవాలి. అది ఆరు నెలల పాటు చెల్లుతుంది. తీసుకున్న 30 రోజుల తర్వాత అసలు లైసెన్సుకు పరీక్ష ఇవ్వవచ్చు. ఈ మధ్యకాలంలో కారుకు ముందూ వెనుకా ఎల్ బోర్డు ఉండాలి, పక్క సీటులో లైసెన్సు ఉన్న మనిషి ఉండాలి. ఆ పక్క మనిషి ఎవరనేది ఆలోచించి ఎంచుకోండి. ఇరవై ఏళ్లుగా మామూలు కారు నడిపిన బావగారో బాబాయో ఎంతో అనుభవం ఉన్నవారే కావచ్చు. అయినా డ్యుయల్ క్లచ్ కారు ఎన్నడూ నడపకపోతే, ఎత్తు మీద యాక్సిలరేటర్‌తో బండిని నిలబెట్టడం వంటి పాత అలవాట్లను మీకు నేర్పే ప్రమాదం ఉంది. అటువంటివారు పక్కన కూర్చుంటే రోడ్డు చూసే పని, అద్దాలు గమనించే పని వారి దగ్గర నేర్చుకోండి. పెడళ్ల పని ఈ వ్యాసంలో చెప్పినట్టు చేయండి.

సాధనకు మన ప్రాంతంలో మంచి చోటు వెతకడం కష్టం కాదు. ఊరి చివర ప్లాట్లు చేసి, బీటీ రోడ్లు వేసి, ఇళ్లు ఇంకా లేని వెంచర్లు నల్గొండ చుట్టూ, జడ్చర్ల, షాద్‌నగర్ దారిలో చాలా ఉన్నాయి. అక్కడి కాపలాదారుకు ఒక మాట చెప్పి, తెల్లవారుజామున వెళితే ఎండా ఉండదు, జనమూ ఉండరు. వెళ్లేముందు మేకలు, గొర్రెలు మేపేవారు ఆ దారిన వచ్చే వేళ ఏదో కనుక్కోండి.

ఎడమ కాలిని పక్కన పెట్టండి

మామూలు కారు నుంచి మారేవారికి మొదటి పాఠం ఎడమ కాలిదే. బ్రేకుకూ యాక్సిలరేటర్‌కూ కుడి కాలు ఒక్కటే వాడాలి. ఎడమ కాలిని పెడళ్లకు ఎడమ వైపున ఉండే కాలి దిమ్మె మీద ఆనించి ఉంచాలి. చెప్పడానికి ఇది తేలికగానే ఉంటుంది. కుక్క అడ్డం వచ్చినప్పుడో, స్పీడ్ బ్రేకర్ ఆలస్యంగా కనిపించినప్పుడో పాత అలవాటు కొద్దీ ఎడమ కాలు క్లచ్‌ను వెతుక్కుంటూ లేస్తుంది. అక్కడ క్లచ్ ఉండదు. వెడల్పాటి బ్రేకు పెడల్ ఉంటుంది. క్లచ్‌ను తొక్కే బలంతో బ్రేకును తొక్కితే కారు ఉన్నచోటనే నిలబడిపోతుంది. వెనుక వచ్చే మోటార్‌సైకిల్‌వాడు డిక్కీకి కొట్టుకుంటాడు. అందుకే మొదటి రోజుల్లో ఎడమ మోకాలిని తలుపు వైపుకు కొద్దిగా వాల్చి, మడమను సీటు దగ్గరకు లాక్కుని కూర్చోవడం మంచిది. అలా కూర్చుంటే కాలు తొందరపడి లేచినా పెడల్ దాకా చేరదు. సీటును సర్దుకునేటప్పుడు, బ్రేకును అడుగంటా నొక్కినప్పుడు కూడా కుడి మోకాలు కొద్దిగా వంగి ఉండేలా చూసుకోండి. చెప్పులు వదులుగా ఉంటే పెడళ్ల మధ్య ఇరుక్కుంటాయి. మడమకు పట్టీ ఉన్నవి గానీ బూట్లు గానీ వేసుకోండి.

మొదటి కదలిక

గేరు లివర్ దగ్గర పీ, ఆర్, ఎన్, డీ అనే గుర్తులుంటాయి. పీ నిలిపి ఉంచడానికి, ఆర్ వెనక్కి, ఎన్ న్యూట్రల్, డీ ముందుకు. కొన్నింటిలో ఎస్ అనే స్పోర్ట్ స్థానమూ, కూడిక, తీసివేత గుర్తులతో గేర్లను మనమే మార్చుకునే మాన్యువల్ స్థానమూ ఉంటాయి. బ్రేకును గట్టిగా నొక్కి ఇంజిన్ స్టార్ట్ చేయండి. బ్రేకు వదలకుండానే లివర్‌ను డీలోకి తెచ్చి, డ్యాష్‌బోర్డు మీద డీ కనిపించిందని చూసుకున్నాక హ్యాండ్ బ్రేక్ దించండి. ఇప్పుడు బ్రేకు మీది కాలును మెల్లగా పైకి తీయండి. యాక్సిలరేటర్ ముట్టుకోవద్దు.

ఒక అర క్షణం ఏమీ జరగదు. తర్వాత కారు తనంతట తాను కదులుతుంది. ఈ అర క్షణమే కొత్తవారిని కంగారుపెడుతుంది. కారు కదలడం లేదనుకుని యాక్సిలరేటర్‌ను గబుక్కున నొక్కుతారు; అప్పటికే క్లచ్ కలుస్తూ ఉంటుంది కాబట్టి బండి ఎగిరినట్టు ముందుకు దూకుతుంది. సమతలంగా ఉన్న రోడ్డు మీద ఈ కదలికను పదేపదే సాధన చేయండి: బ్రేకు వదలడం, అర క్షణం ఆగడం, కదలిక మొదలైందని నడుముకు తెలిసిన తర్వాతనే యాక్సిలరేటర్ మీద పాదం బరువు నెమ్మదిగా పెంచడం. క్లచ్ పూర్తిగా కలిసిన క్షణాన్ని గుర్తుపట్టడం కూడా ఇక్కడే నేర్చుకోవాలి. కలిసేదాకా ఇంజిన్ శబ్దం, ఇంజిన్ తిరిగే వేగాన్ని చూపే ఆర్‌పీఎం ముల్లు ఒక తీరుగా, కారు వేగం మరో తీరుగా ఉంటాయి. కలిశాక రెండూ కలిసి పెరుగుతాయి. అద్దాలు దించి, పాటలు ఆపి, ఆ మార్పును చెవితో వినండి. ఈ ఒక్కటి పట్టుబడితే మిగిలిన పాఠాలన్నీ సులువవుతాయి.

ఆగడంలోని తేడా

బ్రేకును గట్టిగా నొక్కి నిలబడినప్పుడు కంప్యూటర్ క్లచ్‌ను విడదీస్తుంది. అప్పుడు డీలోనే ఉన్నా క్లచ్‌కు అరుగుదల ఉండదు. నల్గొండ క్లాక్ టవర్ చౌరస్తాలో సిగ్నల్ దగ్గర కొద్దిసేపు ఆగవలసి వచ్చినప్పుడు డీలో ఉంచి, బ్రేకును గట్టిగా నొక్కి ఉంటే చాలు. రైల్వే గేటు పడినప్పుడు, ఊరేగింపు అడ్డం వచ్చినప్పుడు, అంటే ఎక్కువ సేపు ఆగవలసి వస్తుందని తెలిసినప్పుడు ఎన్‌లోకి మార్చి హ్యాండ్ బ్రేక్ వేసుకోండి. కాలికి కూడా విశ్రాంతి దొరుకుతుంది.

అసలు హాని సగం బ్రేకుతో జరుగుతుంది. ముందు బండి అంగుళం అంగుళం కదులుతుంటే, దాని వెనుకే మనమూ బ్రేకును సగం నొక్కి సగం వదిలి కారును పాకిస్తుంటాం. అలాంటప్పుడు క్లచ్ లాగుతూ ఉంటుంది, బ్రేకు ఆపుతూ ఉంటుంది. మామూలు కారులో హాఫ్ క్లచ్ మీద బండిని పాకిస్తే పక్కన కూర్చున్న పెద్దవారు కాలు తీయమని అంటారు. ఇక్కడ మనకు తెలియకుండానే అదే పని జరుగుతుంది, అనేవారూ ఉండరు.

ఎత్తు మీద, ఇంటి ర్యాంపు మీద

సమతలం అలవాటయ్యాక ఎత్తు ఎక్కడం నేర్చుకోండి. చాలా కార్లలో హిల్ హోల్డ్ అనే సౌకర్యం ఉంటుంది. బ్రేకు వదిలిన తర్వాత కూడా అది సుమారు రెండు సెకన్ల పాటు కారును వెనక్కి జారకుండా పట్టి ఉంచుతుంది. ఆ వ్యవధిలో కుడి కాలిని యాక్సిలరేటర్ మీదికి తెచ్చి, సమతలం మీద కన్నా కొంచెం గట్టిగా నొక్కి బయలుదేరాలి. ఆగాక బ్రేకు మీది కాలు తీసినా కారును నిలిపి ఉంచే ఆటో హోల్డ్ ఉన్న కారైతే దానిని వాడుకోండి. ఎత్తు మీద నిలబడినప్పుడు వెనక్కి జారకుండా ఉండడానికి యాక్సిలరేటర్‌ను కొద్దికొద్దిగా నొక్కుతూ ఉండడం మాత్రం ఎప్పుడూ చేయకూడదు. కారు కదలదు కాబట్టి ఇంజిన్ శక్తి అంతా క్లచ్ ప్లేట్ల మధ్య వేడిగా మారుతుంది. డ్రై క్లచ్ అయితే కొద్దిసేపటికే కాలిన వాసన వస్తుంది.

మన ఇళ్ల గేట్ల ముందు ఉండే ర్యాంపుల గురించి ప్రత్యేకంగా చెప్పాలి, ఎందుకంటే ఈ గేర్‌బాక్స్‌కు మన ప్రాంతంలో రోజువారీగా ఎదురయ్యే కఠినమైన పరీక్ష అదే. రోడ్డు మీద మళ్లీ మళ్లీ పొరలు వేయడం వల్ల వాన నీళ్లు ఇంట్లోకి వస్తాయని, కొత్త ఇంటిని రోడ్డుకన్నా బాగా ఎత్తులో కడతాం. స్థలం తక్కువ కాబట్టి ర్యాంపు పొట్టిగా, నిటారుగా వస్తుంది. పొద్దున బయటికి సులువుగా పోవచ్చని రాత్రి కారును వెనక్కి ఎక్కించి లోపల పెడతాం. రివర్స్‌లో, ఎత్తు మీద, గేటు కమ్మీలకు తగలకుండా జానెడు జానెడు జరుపుతూ, పక్కనున్నవారు ఆపమంటే ఆపి రమ్మంటే వస్తూ ఎక్కించడమంటే క్లచ్‌ను పూర్తిగా కలవనీయకుండా దాని మీదనే బరువంతా మోపడమన్నమాట. వీలైతే ముందు వైపు నుంచే ఎక్కించండి. ముందుకు కదిలేటప్పుడు తప్పులు సరిదిద్దుకోవడం తేలిక. వెనక్కే ఎక్కించాలంటే రెండు రెక్కలూ పూర్తిగా తెరిచి, స్కూటర్లు, పూలకుండీలు తీయించి, రోడ్డు మీద సమతలంగా ఉన్న చోటనే చక్రాలు సరిచేసుకుని, ఒకే ఊపులో, స్థిరమైన యాక్సిలరేటర్‌తో ఎక్కించండి. గురి తప్పిందనిపిస్తే ర్యాంపు మధ్యలో సర్దుకునే ప్రయత్నం మాని, కిందికి దిగి మళ్లీ మొదలుపెట్టండి. డీ నుంచి ఆర్‌కు, ఆర్ నుంచి డీకి మార్చే ముందు ప్రతిసారీ కారు పూర్తిగా ఆగి ఉండాలి.

టోల్ గేట్ల దగ్గర, తేరు రోజుల్లో

సంక్రాంతికి హైదరాబాద్ నుంచి విజయవాడ వైపు వెళ్లే 65వ నంబరు జాతీయ రహదారి మీద చౌటుప్పల్ దగ్గరి పంతంగి టోల్ గేటు, కేతేపల్లి దగ్గరి కొర్లపహాడ్ టోల్ గేటు ఎలా ఉంటాయో ఈ దారిలో ప్రయాణించేవారందరికీ తెలుసు. ఫాస్టాగ్ వచ్చాక కొంత నయమైనా పండుగ ముందు రోజుల్లో బండ్లు బారులు తీరుతాయి. మిర్యాలగూడ రైస్ మిల్లుల దగ్గర ధాన్యం సీజన్లో ట్రాక్టర్లు, లారీలు వరుస కట్టినప్పుడు కూడా ఇదే పరిస్థితి. జాతర రోజుల్లో చెర్వుగట్టు దారి చెప్పనక్కర్లేదు.

ఇలాంటి చోట్ల పద్ధతి ఇది. ముందు బండి కదలగానే మీరు కదలకండి. రెండు మూడు కార్ల పొడవు ఖాళీ ఏర్పడేదాకా బ్రేకును గట్టిగా నొక్కి నిలబడండి. తర్వాత బ్రేకు పూర్తిగా వదిలి, క్లచ్ పూర్తిగా కలిసేంత వేగం వచ్చేలా కదిలి, ఆ ఖాళీని దాటి మళ్లీ పూర్తిగా ఆగండి. ఖాళీ కనిపిస్తే పక్క వరుస నుంచి ఆటో దూరుతుంది, వెనుకవాళ్లు హారన్ కొడతారు. దూరనివ్వండి, ఒక బండి వెనక పడినంత మాత్రాన నష్టం లేదు, క్లచ్ ప్లేట్ల మార్పిడి ఖర్చు మాత్రం చిన్నది కాదు. వరుస నెమ్మదిగానే అయినా ఆగకుండా నడుస్తున్నప్పుడు గేరు ఒకటికీ రెండుకూ మధ్య మాటిమాటికీ మారుతూ కుదుపులు వస్తాయి. అప్పుడు మాన్యువల్ స్థానానికి మార్చి మొదటి గేరులోనే ఉంచండి. కుదుపులు పోతాయి, అనవసరమైన మార్పులూ తగ్గుతాయి.

రెండు వరుసల రోడ్డు మీద ఓవర్‌టేక్

నల్గొండ నుంచి దేవరకొండ వైపు, జడ్చర్ల నుంచి కల్వకుర్తి వైపు వెళ్లేటప్పుడు పత్తి లోడు ట్రాక్టర్‌నో, గడ్డి కట్టలు రెండు వైపులా పొంగిన లారీనో దాటవలసి వస్తుంది. మీరు 60 కిలోమీటర్ల వేగంతో మెత్తగా పోతుంటే గేర్‌బాక్స్ పొదుపు కోసం పై గేరులో ఉంటుంది. దానికన్నా పై గేరును కూడా సిద్ధం చేసుకుని ఉండవచ్చు. అప్పుడు యాక్సిలరేటర్‌ను అడుగంటా నొక్కితే, పై గేరు ఆలోచన మాని, రెండు మూడు మెట్లు కిందికి దిగి, ఆ తర్వాత ఒక్కసారిగా లాగుతుంది. ఎదురుగా బస్సు వస్తుండగా ఆ క్షణం ఆలస్యం చాలా పెద్దదిగా అనిపిస్తుంది.

అందుకని రోడ్డు ఖాళీ దొరికాక గేరు అడగవద్దు, దొరకబోతుందనగానే అడగండి. ముందున్న బండికి తగినంత దూరంలో వెనుక ఉండి, ఎదురు రోడ్డు కనిపిస్తూ ఉండగా ఎస్‌లోకి గానీ మాన్యువల్‌లోకి గానీ మార్చి, గేరును ముందే రెండు మెట్లు దించుకోండి. ఇంజిన్ శబ్దం కొంచెం పెరుగుతుంది, కారు సిద్ధంగా ఉంటుంది. ఎదురు దారి స్పష్టంగా ఉందని తేలాకనే బయటికి వచ్చి, దాటి, ఎడమ అద్దంలో ఆ బండి ముందు భాగం మొత్తం కనిపించాక లోపలికి రండి. ఏప్రిల్, మే నెలల్లోనూ, వానాకాలం కోతలప్పుడూ రోడ్డు సగం మేర వడ్లు ఆరబోసి, అంచులకు రాళ్లు పెడతారు. చీకటి పడ్డాక ఆ రాళ్లు దగ్గరికి వచ్చేదాకా కనిపించవు. ఆ కాలంలో రాత్రిపూట ఇలాంటి రోడ్ల మీద కొత్తవారు ఓవర్‌టేక్ చేయకపోవడమే మంచిది.

గుట్ట దిగేటప్పుడు

మన్యంకొండ గుట్ట ఎక్కి దిగడం పాలమూరువారికి మంచి సాధన. ఎక్కేటప్పుడు గేర్‌బాక్స్ తన పని తాను చేసుకుంటుంది; మలుపుల దగ్గర యాక్సిలరేటర్‌ను మాటిమాటికీ వదిలి నొక్కకుండా స్థిరంగా ఉంచితే చాలు. దిగేటప్పుడే మన జోక్యం కావాలి. డీలో వదిలేస్తే కొన్ని కార్లు వాలు మీద పై గేర్లకు పోతాయి. బరువంతా బ్రేకుల మీద పడుతుంది. మాన్యువల్‌కు మార్చి, వాలు తీవ్రతనుబట్టి రెండో గేరులోనో మూడో గేరులోనో ఉంచితే ఇంజినే కారును వెనక్కి పట్టి ఉంచుతుంది. బ్రేకును అవసరమైనప్పుడు గట్టిగా నొక్కి, పూర్తిగా వదలాలి. అదే పనిగా పాదం ఆనించి ఉంచితే బ్రేకులు వేడెక్కి పట్టు తప్పుతాయి. పెట్రోలు మిగులుతుందని వాలు మీద ఎన్‌లోకి మార్చడం అన్నింటికన్నా చెడ్డ అలవాటు. ఈ కాలపు ఇంజిన్లు గేరులో ఉండి వాలు దిగేటప్పుడు ఇంధనాన్ని దాదాపు ఆపేస్తాయి కాబట్టి ఆ లెక్క కూడా తప్పే.

చిన్న గుట్టలు బాగా అలవాటయ్యాకనే శ్రీశైలం దారి పట్టండి. మన్ననూరు దాటాక నల్లమల అడవి, దోమలపెంట తర్వాత కృష్ణ మీది డ్యామ్ వైపు దిగే మలుపులు కొత్తవారికి కష్టమైనవి. ఆ అడవి దారిలో రాత్రి వేళ వాహనాలను వదలరు. పొద్దున్నే బయలుదేరి, తొందర లేకుండా వెళ్లండి.

వేడెక్కిందని హెచ్చరిక వస్తే

గేర్‌బాక్స్ వేడెక్కినప్పుడు డ్యాష్‌బోర్డు మీద హెచ్చరిక వస్తుంది. దానికి ముందే కారు కుదుపులతో బయలుదేరడం, కాలిన వాసన రావడం వంటి సూచనలు కనిపించవచ్చు. హెచ్చరిక వచ్చాక కొంచెం దూరమేకదా అని ముందుకు పోవద్దు. రోడ్డు పక్కన సురక్షితమైన, వీలైతే నీడ ఉన్న చోట ఆపి, హ్యాండ్ బ్రేక్ వేసి, పీలో పెట్టండి. అనేక కార్లలో ఇంజిన్‌ను ఆపకుండా నడవనిస్తూ చల్లబరచమని చెబుతారు. మీ కారు పుస్తకంలో ఏం రాసి ఉందో ఇప్పుడే, ఇంట్లో తీరిగ్గా కూర్చుని చదివి పెట్టుకోండి. ఎండలో పిల్లలతో రోడ్డు పక్కన నిలబడి చదివే విషయం కాదది. చల్లబడిందనే సూచన వచ్చాకనే కదలండి. ఒక్కసారి వేడెక్కితే పాడైపోయినట్టు కాదు. సమతలం మీద, మామూలు రోడ్ల మీద కూడా ఈ హెచ్చరిక మళ్లీ మళ్లీ వస్తుంటే మాత్రం సర్వీస్ సెంటర్‌కు చూపించాలి.

నిలపడం, లాగించడం, ఆయిల్

కారును నిలిపేటప్పుడు చాలామంది ఆపీ ఆపగానే పీలోకి నెట్టి కాలు తీస్తారు. అప్పుడు వాలు మీద కారు బరువంతా గేర్‌బాక్స్ లోపల ఉండే ఒక చిన్న ఇనుప కొక్కెం మీద పడుతుంది. మళ్లీ బయలుదేరేటప్పుడు పీ నుంచి తీస్తే వచ్చే ఠక్కుమనే శబ్దం దానిదే. బ్రేకు నొక్కి ఉంచి ఎన్‌లోకి తెచ్చి, హ్యాండ్ బ్రేక్ వేసి, బ్రేకు మెల్లగా వదిలి బరువును హ్యాండ్ బ్రేక్ మీద కూర్చోబెట్టాక, మళ్లీ బ్రేకు నొక్కి పీలో పెట్టి ఇంజిన్ ఆపండి.

బ్యాటరీ దిగిపోతే మామూలు కారులా నలుగురితో నెట్టించి స్టార్ట్ చేయడం ఇందులో కుదరదు. మరో బ్యాటరీ నుంచి వైర్లతో కరెంటు అందించాలి. మధ్యలో ఆగిపోతే తాడు కట్టి ట్రాక్టర్‌తో లాగించవద్దు. ఇంజిన్ శక్తి అందే చక్రాలు నేల మీద దొర్లితే గేర్‌బాక్స్ లోపలి భాగాలు ఆయిల్ అందకుండా తిరిగి పాడయ్యే ప్రమాదం ఉంది. కారు మొత్తాన్ని పైకి ఎక్కించుకుని తీసుకుపోయే బండిని పిలిపించండి. బీమా పాలసీలో రోడ్డు మీద సాయం ఉందో లేదో చూసుకుని, ఆ ఫోన్ నంబరును అద్దం వెనుకో, డ్యాష్‌బోర్డు అరలోనో రాసి పెట్టుకోండి.

గేర్‌బాక్స్ ఆయిల్ విషయంలో వెట్ రకానికీ డ్రై రకానికీ తేడా ఉంది. వెట్ రకంలో క్లచ్ ప్లేట్లు ఆ ఆయిల్‌లోనే తిరుగుతాయి కాబట్టి అది త్వరగా పాడవుతుంది. ఫోక్స్‌వ్యాగన్ ఆరు గేర్ల వెట్ డీఎస్‌జీకి 60,000 కిలోమీటర్లకు ఒకసారి మార్చమంటారు. మీ కారుకు ఎంతో పుస్తకంలో ఉంటుంది. సర్వీసుకు ఇచ్చినప్పుడు జాబ్ కార్డులో గేర్‌బాక్స్ ఆయిల్ అని విడిగా రాయించండి, ఇంజిన్ ఆయిల్‌తో పాటు అదీ మార్చేస్తారని అనుకోవద్దు. పాత కారు కొనేవారైతే ఆ మార్పు జరిగినట్టు బిల్లు చూపించమని అడగండి. నడిపి చూసేటప్పుడు కారు పూర్తిగా వేడెక్కాక, ఒక ఎత్తు మీద నిలిపి, ముందుకూ వెనక్కీ చెరొకసారి బయలుదేర్చి చూడండి. అరిగిన క్లచ్ అక్కడే వణుకుతుంది.